మీకు నచ్చే విజువల్ స్టైల్ ఏది? అది మీదే అని ఎలా తేల్చుకున్నారు?

రంగులపెట్టె:

ఫోన్లో ఒక ఫోల్డర్ ఉంది నాకు, కంటికి నచ్చింది ఏది కనపడినా అందులో పడేస్తుంటా. పోస్టర్లు, గదుల ఫొటోలు, పాత సాఫ్ట్‌వేర్ స్క్రీన్‌షాట్లు, పుస్తకాల అట్టలు, ఏదైనా సరే. మొన్న తీరిగ్గా కూర్చుని మొత్తం చూస్తే ఒకదానికొకటి అస్సలు పొంతన లేదు. ఓ పక్క బౌహౌస్ పోస్టర్లు, ఎరుపు పసుపు నీలం, గుండ్రాలు చతురస్రాలు. దాని పక్కనే డార్క్ అకాడెమియా అంటారే, ముదురు చెక్క అల్మరాలు, తోలు అట్టల పుస్తకాలు, టేబుల్ ల్యాంపు. ఆ కింద విండోస్ విస్టా కాలం నాటి గాజు బటన్లు, నీటి బుడగలు, పచ్చిక. ఇంకొంచెం కిందకెళ్తే ఏమీ లేని ఖాళీ గది, ఒక కుండీ, గోడ మీద కిటికీ నీడ. ఇవన్నీ ఒక్క మనిషికే ఎలా నచ్చుతాయండీ?

సరే నచ్చితే నచ్చాయి, గొడవేం లేదు. కానీ సొంతంగా ఏదైనా చేసుకోవాల్సొచ్చినప్పుడు, హోమ్‌స్క్రీన్ సర్దుకోవడం కానీ, చేసిన పనులు చూపించుకునే పోర్ట్‌ఫోలియో వెబ్ పేజీ కానీ, రాసుకునే టేబుల్ ఉన్న మూల కానీ, ఏదో ఒక పేరు పట్టుకుని దాని ప్రకారం పొల్లు పోకుండా చేస్తా, చేసిన రోజు భలే ఉంటుంది, తర్వాత చూస్తుంటే వేరేవాళ్ళ ఇంట్లో కూర్చున్నట్టు ఉంటుంది, మళ్ళీ మార్చేస్తా. మీలో ఎవరికైనా "ఇదీ నా స్టైల్" అని గట్టిగా చెప్పుకునేది ఉందా? ఉంటే ఎలా దొరికింది? ఒకే స్టైల్ మీద ఉండాలా, కలుపుకోవచ్చా? కలిపితే కలగూరగంప అయిపోదా?

మీ ఫేవరెట్లు కూడా చెప్పండి, ఊరికే చదవడానికైనా సరే.

గ్రిడ్‌గీత:

ముందు ఆ పేర్లన్నీ పక్కన పెట్టేయండి. పేర్లు వెతుక్కోవడానికి పనికొస్తాయి, చేసుకోవడానికి పనికిరావు. మీరు బౌహౌస్ అంటే గుండ్రాలు చతురస్రాలు అన్నారు కదా. అది 1919లో జర్మనీలోని వైమార్‌లో వాల్టర్ గ్రోపియస్ అనే ఆర్కిటెక్టు మొదలెట్టిన ఆర్ట్, డిజైన్ స్కూలు. ఆ ఏడాది వాళ్ళు వేసిన మేనిఫెస్టో అట్ట మీద ఏముందో చూడండి ఒకసారి, లయనెల్ ఫైనింగర్ అనే చిత్రకారుడు చెక్క మీద చెక్కి అచ్చేసిన చర్చి బొమ్మ, గీతలన్నీ గరుగ్గా, గోపురాల మీద నక్షత్రాలు, సగం పైగా నలుపే. ఎరుపు లేదు, పసుపు లేదు. మీ డార్క్ అకాడెమియా వరసలో పెట్టినా ఎవడూ తేడా పట్టలేడు. 1925లో డెసావ్ అనే ఊరికి మారాక గాజు గోడలు, స్టీలు గొట్టాల కుర్చీలు వచ్చాయి, 1933కల్లా మూతపడింది. 14 ఏళ్ళు నడిచిన ఒక్క స్కూల్లోనే ఇన్ని రకాలుంటే మనం దాన్ని మూడు రంగులకి కుదించేసి అదే రూలనుకుంటున్నాం.

మీరు చేయాల్సింది ఒకటుంది. ఆ ఫోల్డర్లో బొమ్మలన్నీ బ్లాక్ అండ్ వైట్ చేసేయండి, గోరంత సైజుకి కుదించి ఒకే స్క్రీన్ మీద పరవండి. రంగు పోతుంది, వస్తువులు గుర్తుపట్టలేరు, స్టైల్ పేరు కూడా పోతుంది. మిగిలేది చీకటి ఎక్కడుంది, వెలుగు ఎక్కడుంది, ఎంత నిండుగా ఉంది, అంతే. అప్పుడు ఏవి ఒక గుంపుగా పడుతున్నాయో చూడండి. క్లయింట్లు మాకు ఇరవై రకాల రిఫరెన్సులు పంపి "ఇలా కావాలి" అన్నప్పుడు మేం చేసే పని ఇదే, వాళ్ళకి కావాల్సింది ఏంటో వాళ్ళకంటే ముందు ఆ బూడిదరంగు చుక్కలు చెప్తాయి.

నా ఫేవరెట్ అడిగారు కాబట్టి: స్విస్ స్టైల్, అంటే గ్రిడ్ అనే కనపడని గళ్ళ మీద అన్నీ లెక్కగా సర్దే పద్ధతి, మొహమాటం లేకుండా. జోసెఫ్ ముల్లర్ బ్రోక్‌మన్ అనే స్విస్ డిజైనర్ 1955లో జ్యూరిక్ కచేరీ హాలుకి వేసిన బెథోవెన్ పోస్టర్ ఉంది, నలుపూ తెలుపూ తప్ప ఇంకేం లేదు, చాపాల్లాంటి వంపులు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, వాటి వెడల్పు లెక్క ప్రకారం రెట్టింపవుతూ పోతుంది. మనిషి బొమ్మ లేదు, వాయిద్యం లేదు, అయినా చప్పుడు వినపడుతుంది. గ్రిడ్ అంటే బోర్ అనేవాళ్ళకి అదొక్కటి చూపిస్తా నేను.

గాజుబుడగ:

గాజు బటన్లు అనగానే నేనొచ్చిన. దానికి ఫ్రూటిగర్ ఏరో అంటరు. తమాషా ఏందంటే అది నడిచిన రోజుల్లో దానికి పేరే లేదు, 2000ల నడుమ నుంచి 2010ల మొదలు దాకా అంతటా అదే ఉండె కాబట్టి ఎవ్వరూ దాన్ని స్టైల్ అనుకోలే, 2017లో ఎవరో పేరు పెట్టిన్రు. ఫ్రూటిగర్ అంటే ఆడ్రియన్ ఫ్రూటిగర్, ఫాంట్లు గీసినాయన, ఏరో అంటే విస్టాలో విండోల అంచులు గాజులెక్క కనపడేటట్టు చేసిన థీమ్.

దీన్ని చిన్నపిల్లల నాస్టాల్జియా అని కొట్టేసేటోళ్ళకి ఒక్క బటన్ జూమ్ చేసి చూడుమని చెప్త. పై సగం లేత రంగు, సరిగ్గా మధ్యలో ఒక గట్టి గీతలెక్క రంగు మారుతది, కింద సగం ముదురు, మళ్ళ అడుగున లోపలినుంచి దీపం పెట్టినట్టు ఒక మెరుపు. అంచుకి బయట ముదురు గీత, దానికి ఆనుకొని లోపల ఒక్క పిక్సెల్ తెల్ల గీత. ఆ తెల్ల గీత తీసేసి చూడున్రి, గాజు పోయి ప్లాస్టిక్ అయితది. ఒక్క పిక్సెల్! అంత పని పెట్టి చేసిన్రు. మౌస్ పెడితే వెలుగుతుండె, నొక్కితే లోపలికి పోతుండె. ఏది నొక్కాల్నో ఏది ఊరికే రాతనో ఎవ్వరికీ అనుమానం రాకపోతుండె. ఇప్పుడు యాప్ తెరిస్తే నీలం రంగు అక్షరం కనపడ్తది, అది లింకా హెడింగా అని వేలు పెట్టి చూస్తే గానీ తెల్వదు.

ఎందుకు పోయిందంటే దానికి కారణం ఉంది, ఊకె ఫ్యాషన్ మారుడు కాదు. ఆ మెరుపులన్నీ పిక్సెల్ లెక్కన గీసి పెట్టిన బొమ్మలు. స్క్రీన్లు రకరకాల సైజులు, రకరకాల డెన్సిటీలు, అంటే అంగుళానికి ఎన్ని పిక్సెల్లో ఆ లెక్కలు, వచ్చేసరికి ఒక్కో ఐకాన్ నాలుగైదు సార్లు గీయాల్సొచ్చె. మెరుపులు నీడలు లేని ఫ్లాట్ డిజైన్ అయితే కోడ్‌తోనే గీయొచ్చు, ఎంత సాగదీసినా పాడవదు. 2012ల విండోస్ 8, 2013ల ఐఫోన్ల ఐఓఎస్ 7, ఇగ అంతే, మెరుపు బంద్.

2025ల ఆపిల్ తన ఫోన్లు, కంప్యూటర్లకి లిక్విడ్ గ్లాస్ అని మళ్ళ గాజు డిజైన్ తెచ్చింది గానీ నాకు సగమే నచ్చింది. పాత గాజు బొమ్మ, ఎన్నడూ ఒక్కతీరే ఉంటది. ఇది నిజంగనే వెనుకున్నదాన్ని వంచి చూపిస్తది, వెనక తెల్ల ఫొటో వస్తే మీదున్న తెల్ల అక్షరం మాయం. అందుకే తర్వాత అప్‌డేట్‌ల గాజుకి మసక పెంచుకునే సెట్టింగ్ ఇచ్చిన్రు.

ఖాళీగోడ:

నేను ఆ చివరి బొమ్మ టైపు, ఖాళీ గది, కిటికీ నీడ. అయితే ఒకటి చెప్పాలి, ఖాళీ అంటే తెలుపు అనుకుని గోడ తెలుపు, సోఫా తెలుపు, షెల్ఫ్ తెలుపు పెట్టుకుని "మినిమలిజం బోర్ కొట్టింది" అనేవాళ్ళు ఎక్కువైపోయారు. వస్తువులు తగ్గించేకొద్దీ మిగిలిన ఒక్కో వస్తువు మీద చూపు ఆగుతుంది, అది చవక లామినేట్ (పైన అతికించిన ప్లాస్టిక్ పొర) అయితే దాని అంచు ఊడిపోతున్న సంగతే కనపడుతుంది. నిండు గదిలో అదే షెల్ఫ్ ఎవరి కంటా పడదు. అందుకని ఖాళీ స్టైల్ నిజానికి సామాను విషయంలో చాలా మొండి స్టైల్.

అడాల్ఫ్ లోస్ అనే ఆర్కిటెక్టు 1908 ప్రాంతంలో అలంకారమే నేరం అన్నంత ఘాటుగా ఒక వ్యాసం రాశాడు, మినిమలిజం వాళ్ళందరూ ఇప్పటికీ ఆయన్నే తలుచుకుంటారు. మరి ఆయన ప్రాగ్‌లో కట్టిన విల్లా ముల్లర్, 1930లో పూర్తయింది, లోపలికెళ్తే హాల్లో ఆకుపచ్చ చారల పాలరాయి, ఆ చారలు చూస్తుంటే అలలు కదిలినట్టుంటాయి, పక్కన మెరిసే చెక్క. పూలూ తీగలూ చెక్కలేదు అంతే, రాయిలో ఉన్న డిజైన్నే వాడుకున్నాడు. బయటినుంచి చూస్తే ఉత్త తెల్ల డబ్బా. నాకు నచ్చే ఖాళీ అది.

డీటర్ రామ్స్ అనే జర్మన్ డిజైనర్ 1960లో డిజైన్ చేసిన గోడ షెల్ఫ్, వీట్సో కంపెనీ 606, ఇప్పటికీ తయారవుతోంది, అప్పుడు కొన్న ముక్కలకి ఇప్పటి ముక్కలు తగిలించుకోవచ్చు. దాన్ని ఫొటోలో ఎప్పుడు చూసినా కిక్కిరిసిన పుస్తకాలే ఉంటాయి గమనించారా, షెల్ఫ్ మాత్రం కనపడదు. మినిమలిజం అంటే ఇల్లు ఖాళీ చేయించడం కాదు, ఫర్నిచరు నోరు మూసుకుని ఉండటం.

రంగులపెట్టె గారు, మీ ఖాళీ గది ఫొటోలో మీకు నచ్చింది ఖాళీయా, ఆ నీడా? చూసి చెప్పండి. రెండూ వేరు.

పూలచొక్కా:

నోరు మూసుకునే ఫర్నిచర్ మీరే ఉంచుకోండి సార్ 😄 నా ఇంట్లో అందరూ మాట్లాడాలి.

నిండు స్టైల్ అంటే దొరికినదల్లా కుక్కడం అనుకుంటారు, అక్కడే తప్పులో కాలేస్తారు. విలియం మారిస్ అనే ఇంగ్లీషు డిజైనర్ వేసిన స్ట్రాబెర్రీ థీఫ్ బట్ట డిజైన్ చూడండి, 1883ది. పిట్టలు, పళ్ళు, ఆకులు, పూలు, సూది మోపే సందు లేదు. కాసేపు చూడండి కానీ, పిట్టలు రెండేసి జతలుగా ఎదురెదురుగా ఉంటాయి, అద్దంలో బొమ్మలాగ, ఆ జత ఎక్కడెక్కడ మళ్ళీ వస్తుందో పట్టుకున్నారంటే మొత్తం ఒక గళ్ళ లెక్క మీద నడుస్తోందని తెలిసిపోతుంది. గ్రిడ్‌గీత గారూ, ఇదీ గ్రిడ్డే, పూలు కప్పుకుంది అంతే. ఇంకోటి, ఆ బట్టని మొత్తం ముందు నీలిమందులో ముంచేసి, డిజైన్ ఉన్న చోట నీలం తీసేసి, అక్కడ మిగతా రంగులు వేసేవారు, అందుకే అన్ని రంగుల వెనకా అదే నీలం ఉంటుంది, అదే మొత్తాన్ని పట్టి ఉంచుతుంది.

నేను పాటించేదీ అదే. ఒక్క రంగు అన్నిట్లోనూ ఎక్కడో అక్కడ తగలాలి, కొంచెమైనా. డిజైన్ల సైజులు మాత్రం ఒకేలా ఉండకూడదు, ఒకటి పెద్ద పూలు అయితే రెండోది సన్న గీతలు, మూడోది చుక్కలు. మూడూ ఒకే సైజు పూలైతే దేన్ని చూడాలో తెలియక కళ్ళు తిరుగుతాయి. కలగూరగంప అవుతుందా అని అడిగారు కదా, అయ్యేది ఇక్కడే, స్టైల్స్ కలపడం వల్ల కాదు, సైజులు కొట్టుకోవడం వల్ల.

మెంఫిస్ గ్రూప్ అనే డిజైనర్ల గుంపు కూడా నాకు ప్రాణం. పెద్ద ఎట్టోరే సొట్‌సాస్, ఊరు ఇటలీలో మిలాన్, 1981లో మొదటి ఎగ్జిబిషన్. వంటింటి గట్ల మీద అతికించే ప్లాస్టిక్ లామినేట్ తెచ్చి ఖరీదైన ఫర్నిచర్‌కి అతికించారు, కావాలనే. ఆయన కార్ల్‌టన్ షెల్ఫ్‌లో పలకలు ఏటవాలుగా ఉంటాయి, పుస్తకం నిలబడదు, పక్కకి వాలిపోతుంది, వాళ్ళకి ఫికరే లేదు. పాటగాడు డేవిడ్ బౌయీ ఈ మెంఫిస్ సామాను బోలెడు పోగేశాడు, ఆయన పోయాక 2016లో వేలం వేశారు.

గ్రిడ్‌గీత:

@పూలచొక్కా మెంఫిస్ వరకు ఓకే కానీ దాని పేరు తగిలించుకుని వచ్చిన కార్పొరేట్ మెంఫిస్ సంగతేంటి? చిన్న తలకాయ, పొడవాటి గొట్టాల్లాంటి చేతులు, ఊదా రంగు మనుషులు లాప్‌టాప్ పట్టుకుని గాల్లో ఎగురుతుంటారు. దాన్ని మీరే తీసుకెళ్ళిపోండి.

పూలచొక్కా:

@గ్రిడ్‌గీత అది మా పిల్ల కాదు బాబోయ్! 2017లో ఫేస్‌బుక్ కోసం బక్ అనే స్టూడియో చేసిన బొమ్మల నుంచి అందరూ ఎత్తుకున్నారు. తిట్టేముందు ఒకటి ఒప్పుకోవాలి లెండి, పని తేలిక, చేతులు కాళ్ళు విడివిడి ముక్కలు కాబట్టి కదిలించడం ఈజీ, చర్మం ఊదా రంగు వేస్తే ఏ జాతి అనే ప్రశ్నే రాదు. ఎవరినీ నొప్పించకూడదని చేశారు, అందుకే ఎవరికీ నచ్చలేదు.

ల్యాంప్‌షేడ్:

అందరూ స్టైల్స్ చెప్తున్నారు, అసలు సంగతి ఎవరూ అనట్లేదు. లైటు.

రంగులపెట్టె గారి ఫోల్డర్లో డార్క్ అకాడెమియా ఫొటో తీసుకోండి. సీలింగ్ మధ్యలో తెల్ల ట్యూబ్‌లైటు వెలుగుతున్న లైబ్రరీ ఒక్కటైనా ఉందా అందులో? ఉండదు. టేబుల్ మీద ఒక పసుపు దీపం, పక్కనుంచి పడే వెలుగు, మూలలన్నీ చీకటి. అవే అల్మరాలు, అవే పుస్తకాలు నడినెత్తిన 6500 కెల్విన్ లైటు కింద పెట్టి చూడండి, రికార్డు రూము. మనం సామాను మార్చుకుంటూ పోతాం, బల్బు మాత్రం ఇల్లు తీసుకున్నప్పుడు ఉన్నదే ఉంటుంది.

బల్బు డబ్బా మీద కెల్విన్ అంకె ఉంటుంది, 2700 అంటే దీపం వెలుగులా పసుపు, 4000 మధ్యస్థం, 6500 పగటి తెలుపు, నీలం వైపు. దాని పక్కనే సీఆర్ఐ అని ఇంకో అంకె ఉంటుంది, నూటికి ఎంత అని, రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పేది, జనం అసలు పట్టించుకోరు దాన్ని. 90 పైన ఉన్నది తీసుకుంటే చెక్కా తోలూ మట్టీ వాటి రంగులో ఉంటాయి, 80 దగ్గరది అయితే ఎరుపులు చచ్చిపోతాయి, ముదురు చెక్క బురద రంగులోకి తిరుగుతుంది. మీకు ఫొటోలో నచ్చి ఇంట్లో నచ్చనివాటికి సగం కారణం ఇదే అని నేను పందెం కాస్తా.

మిగతా సగం పక్కనున్న రంగులు. జోసెఫ్ ఆల్బర్స్ అనే చిత్రకారుడు 1950 నుంచి బతికున్నంత కాలం చతురస్రంలో చతురస్రం, అందులో ఇంకో చతురస్రం, ఇవే వేస్తూ కూర్చున్నాడు, వందలకి వందలు. ఒకే రంగు పక్కనున్నదాన్ని బట్టి ఎలా మారిపోతుందో చూపించడానికే అదంతా. ఫొటోలోంచి కలర్ పిక్కర్‌తో గోడ రంగు ఎత్తుకుని వేయించి "ఇదేంటి ఇలా వచ్చింది" అనేవాళ్ళు ఆయన బొమ్మ ఒకటి ఎదురుగా పెట్టుకోవాలి. పైగా ఆ ఫొటోలో ఉన్నది గోడ రంగు కాదు, గోడా దాని మీద పడ్డ లైటూ కలిసిన రంగు.

రంగులపెట్టె:

ఇంతమంది ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్సండీ. గ్రిడ్‌గీత గారు చెప్పినట్టు మొత్తం బ్లాక్ అండ్ వైట్ చేసి చిన్నవి చేసి పరిచా. నిజంగా ఆశ్చర్యపోయా. చర్చి బొమ్మ కూడా వెతికి అందులో కలిపి చూశా, ఎక్కడుందో వెంటనే దొరకలేదు, లైబ్రరీల మధ్యలో కలిసిపోయింది.

గుంపులు రెండే పడ్డాయి. పెద్ద గుంపులో ముప్పాతిక చీకటి, ఒక పక్క నుంచి ఒకటే వెలుగు. లైబ్రరీ ఫొటోలు అందులోనే, ఖాళీ గది కూడా అందులోనే! నేను అది తెల్ల గది అనుకున్నా ఇన్నాళ్ళూ, చూస్తే కిటికీ వెలుగు పడ్డ ముక్క తప్ప మిగతాదంతా బూడిద. ఖాళీగోడ గారు, మీ ప్రశ్నకి జవాబు నీడే. బౌహౌస్ పోస్టర్లలో కూడా నేను దాచుకున్నవి ముదురు బ్యాక్‌గ్రౌండ్ ఉన్నవే ఎక్కువ, తెల్ల కాగితం మీదవి రెండో మూడో. రెండో గుంపు గాజు బటన్లు, అన్నీ తెల్లగా మెరుస్తూ వేరేగా ఉన్నాయి, ఎటూ కలవలేదు. గాజుబుడగ గారు కోప్పడకండి, అవి చూడటానికి ఎంత ఇష్టమైనా వాటి మధ్య కూర్చుని పని చేయాలని మాత్రం నాకు లేదనిపించింది. అవి ఫోల్డర్లో ఉంటాయి హాయిగా.

ల్యాంపు ఒకటి తెచ్చి పక్కకి పెట్టా, పైన లైటు ఆపేశా. టేబుల్ మూల అదే, సామాను ఏమీ మార్చలేదు, ఇంతకుముందులా పరాయిగా లేదు.

ఇప్పుడు ఇంకో డౌటు. ఇదే పోర్ట్‌ఫోలియో పేజీకి చేద్దామని ఉత్త నలుపు మీద తెల్ల అక్షరాలు పెట్టా. ఫొటోలకి అదిరింది, కానీ రెండు పేరాలు చదివేసరికి అక్షరాల చుట్టూ వెలుగు కారుతున్నట్టు ఉంది. నా కళ్ళా, పేజీనా?

చత్వారం:

రెండూ అయ్యుండొచ్చు. స్క్రీన్ చీకటిగా ఉంటే కంటిపాప పెద్దదవుతుంది, పాప పెద్దదయ్యేకొద్దీ కంటిలో ఉన్న చిన్న చిన్న లోపాలు బయటపడతాయి. ఆస్టిగ్మాటిజం (కంటి ముందు పొర వంపు సమంగా లేకపోవడం) ఉన్నవాళ్ళకి మరీ, నలుపు మీద తెల్ల అక్షరం అంచులు పాకినట్టు ఉంటాయి. నాకు ఉంది, డార్క్ మోడ్ అంటే దండం పెడతా. ఒకసారి కళ్ళు చూపించుకోండి, అద్దాలతో పోయేదైతే పోతుంది.

పేజీ వైపు నుంచి చేయాల్సింది, ఉత్త నలుపు వదిలేయండి. కాంట్రాస్ట్ లెక్కలో, అంటే అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో ఉన్న తేడా లెక్కలో, నలుపూ తెలుపూ 21కి 1 వస్తుంది, అంతకంటే ఎక్కువ ఉండదు. వెబ్ యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్ (చూపు తక్కువున్నవాళ్ళు కూడా పేజీ వాడుకోగలగడానికి పెట్టిన నియమాలు) మామూలు సైజు అక్షరాలకి అడిగేది 4.5కి 1, పెద్ద అక్షరాలకి 3కి 1. అంటే మీకు దిగడానికి బోలెడు చోటుంది, అలాగని 4.5 దాకా దిగిపోకండి, అది కనీసం, టార్గెట్ కాదు. గూగుల్ డిజైన్ నియమాలు మెటీరియల్ డిజైన్ పాత వెర్షన్లో డార్క్ థీమ్ బ్యాక్‌గ్రౌండ్‌కి 121212 అనే కలర్ కోడ్, ముదురు బూడిద, చెప్పేవారు, అది పెట్టి అక్షరాలకి కొంచెం తగ్గించిన తెలుపు పెట్టండి. బూడిద మీద అయితే నీడలు కూడా కనపడతాయి, ఉత్త నలుపు మీద నీడ ఎక్కడ పడుతుంది?

ఓలెడ్ (పిక్సెల్ పిక్సెల్‌కీ సొంత వెలుగు ఉండే) స్క్రీన్ ఫోన్లో ఉత్త నలుపు అయితే ఆ పిక్సెల్స్ ఆరిపోతాయి, బ్యాటరీ కలిసొస్తుంది అంటారు, నిజమే, కానీ మీ పేజీ మీద ఎవరో గడిపే కాసేపటికి అది చూసుకోనక్కర్లేదు.

గాజుబుడగ:

కోపమేం లేదు, ఫోల్డర్ల ఉంచిన్రు కదా చాలు. ఒక్కటి మాత్రం మా దగ్గర్నుంచి తీస్కోండి: 121212 మీద కార్డులు (ఫొటో, రాత పెట్టే డబ్బాలు) పెడితే కార్డు పై అంచుకి ఒక్క పిక్సెల్ లేత గీత, తెలుపు పది శాతం, అంతకంటే వద్దు. మీకు పైనుంచి లైటు పడ్డట్టే కనపడ్తది. పక్కనుంచి పడాలంటే ఎడమ అంచుకి పెట్టండి.

గ్రిడ్‌గీత:

గాజుబుడగ చెప్పింది బాగుంది, నేనూ వాడతా అది. ఎడమ అంచుకే పెట్టండి, అయితే పేజీ మొత్తం ఎడమే. ఒక కార్డుకి ఎడమ, ఇంకోదానికి పైన పెడితే కారణం తెలియకుండానే తేడా కొడుతుంది చూసేవాళ్ళకి. మీ ఫొటోల్లో వెలుగు ఎటునుంచి పడుతోందో కూడా చూసుకోండి, కుడి నుంచి పడేవి ఎక్కువుంటే గీతలన్నీ కుడికి మార్చేయండి.

ఇంకా ఫాంట్. ముదురు బ్యాక్‌గ్రౌండ్ మీద అక్షరం అసలు కంటే లావుగా కనపడుతుంది, అందుకని తెల్ల కాగితం మీద పెట్టేదానికంటే ఒక మెట్టు సన్నది తీసుకోండి, లైన్ల మధ్య ఖాళీ కొంచెం పెంచండి. స్విస్ స్టైల్ వాళ్ళ సాదా ఫాంట్ హెల్వెటికా పెట్టమని చెప్దామనుకున్నా కానీ మీ లైబ్రరీ చీకటికి సెరిఫే (అక్షరాల చివర చిన్న కొసలుండే ఫాంటే) నప్పుతుంది, నా నోటితో ఈ మాట అనిపించారు.

రంగులపెట్టె:

కుడేనండీ, చూశా ఇప్పుడే, దాదాపు అన్నిట్లో కుడి నుంచే. ల్యాంపు కూడా తెలియకుండా కుడి పక్కే పెట్టానట.

ల్యాంప్‌షేడ్:

కుడి చేత్తో రాసేవాళ్ళైతే ల్యాంపు మాత్రం ఎడమకి మార్చండి, చేతి నీడ రాత మీద పడుతుంది. పేజీకి ఏ పక్క పెట్టుకున్నా మీ ఇష్టం.